ఓడిహామ్ కోట, బేసింగ్‌స్టోక్ కాలువ: క్యాంపర్‌వ్యాన్ బృందం సాయంకాల విహారంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండులో ఆగస్టు చివరి సోమవారం బ్యాంకు సెలవు. ఆ వారాంతంలో క్యాంపర్‌వ్యాన్లలో బయలుదేరే మన తెలుగు కుటుంబాల బృందం శనివారం సాయంత్రాన్ని హాంప్‌షైర్ కౌంటీలోని ఓడిహామ్ కోట శిథిలాల దగ్గర, బేసింగ్‌స్టోక్ కాలువ గట్టున గడపాలని నిర్ణయించుకున్నాం. అప్పటి నుంచి ఫోన్లలోనూ సందేశాల్లోనూ వస్తున్న ప్రశ్నలకు ఇక్కడ ఒకేచోట జవాబులు ఇస్తున్నాం. వంట గురించిన ప్రశ్నలే అన్నిటికంటే ఎక్కువ వచ్చాయి. అయినా కోట, కాలువ, గబ్బిలాల సంగతి ముందు చెప్పి ఆ తరువాతే వంట దగ్గరికి వస్తాం.

ఆ సాయంత్రం అసలు ఏం చేయబోతున్నాం?

నడుస్తాం, కూర్చుంటాం, చీకటి పడ్డాక గబ్బిలాలను చూస్తాం. వ్యాన్లను మధ్యాహ్నమే క్యాంపు స్థలంలో నిలిపి, సాయంత్రం ఆరు గంటలకు ఓడిహామ్ ఊరి అంచున ఉన్న కోల్ట్ హిల్ పడవల రేవు దగ్గర అందరం కలుసుకుంటాం. అక్కడి నుంచి కాలువ గట్టు వెంట పడమటి వైపు సుమారు రెండున్నర కిలోమీటర్లు నడిస్తే, నార్త్ వార్న్‌బరో గ్రామం దాటిన తరువాత చెట్ల మధ్య కోట కనిపిస్తుంది. తెచ్చుకున్న భోజనం కోట పక్క పచ్చికలోనే చేస్తాం. ఆ రోజుల్లో సూర్యాస్తమయం ఎనిమిది గంటల ప్రాంతంలో అవుతుంది. అది అయ్యాక మరో కిలోమీటరు లోపే ఉన్న గ్రేవెల్ సొరంగం ముఖద్వారం వైపు మెల్లగా నడిచి, దారిలో కాలువ అంచున ఆగి, పదింటికల్లా వెనుదిరుగుతాం. ఆటలు, పాటల పోటీలు, మైకు వంటివేవీ ఈ సాయంత్రానికి పెట్టుకోలేదు. అంత్యాక్షరి కావాలన్నవారికి ఆదివారం మధ్యాహ్నం క్యాంపు స్థలంలో కావలసినంత సమయం ఉంటుంది.

శిథిలమైన కోట అంటున్నారు. అక్కడ చూడటానికి ఏమైనా మిగిలి ఉందా?

గోల్కొండనో కొండవీటినో మనసులో పెట్టుకుని వస్తే నిరాశ తప్పదు. ఇక్కడ మిగిలింది ఒకే ఒక్క బురుజు, దాని చుట్టూ గడ్డి కప్పేసిన మట్టికట్టలు, పూడిపోయిన అగడ్తల జాడలు మాత్రమే. కానీ ఆ ఒక్క బురుజు ఎనిమిది మూలలది, ఇంగ్లండులో మధ్యయుగాల ప్రధాన బురుజుల్లో ఇలాంటి అష్టకోణపు నిర్మాణం చాలా అరుదు. దీన్ని 1207 నుంచి 1214 మధ్య జాన్ రాజు కట్టించాడు. విండ్సర్‌కూ వించెస్టర్‌కూ నడుమ, వైట్‌వాటర్ అనే చిన్న యేటి మలుపులో ఉన్న చోటును వేటకూ మజిలీకీ అనువుగా ఉంటుందని ఎంచుకున్నాడు. 1215 జూన్‌లో రన్నీమీడ్ మైదానంలో, రాజు అధికారానికి హద్దులు పెడుతూ ప్రభువులతో కుదిరిన మాగ్నా కార్టా ఒప్పందం మీద ముద్ర వేయడానికి రాజు ఇక్కడి నుంచే గుర్రమెక్కాడని స్థానికులు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఆ ఒప్పందాన్ని జాన్ కొద్ది వారాల్లోనే కాదనడంతో తిరగబడిన ప్రభువులు ఫ్రెంచి యువరాజు లూయీని పిలిపించారు. అతని సైన్యం 1216 వేసవిలో ఈ కోటను ముట్టడించింది. రెండు వారాలు గడిచాక కోటలోని వారు తమ గుర్రాలనూ ఆయుధాలనూ వదులుకోనక్కరలేదన్న షరతు మీద లొంగిపోయి బయటికి వచ్చారు. తీరా చూస్తే వాళ్ళు పదమూడు మందే. అంత సైన్యాన్ని అన్ని రోజులు నిలువరించింది ఇంతేనా అని ఫ్రెంచివారు విస్తుపోయారని ఆనాటి చరిత్రకారులు రాశారు.

మాకు మాత్రం ముట్టడి కథ కంటే ఆ తరువాతి ఇల్లాలి కథే ఎక్కువ నచ్చుతుంది. జాన్ కొడుకు మూడవ హెన్రీ 1236లో ఈ కోటను తన చెల్లెలు ఎలినార్‌కు ఇచ్చాడు. ఆమె 1238లో సైమన్ డి మోంట్‌ఫర్ట్‌ను పెళ్ళాడింది. అన్నకూ భర్తకూ మధ్య యుద్ధం ముదిరిన 1265లో ఆమె వసంతకాలమంతా ఇక్కడే ఉండి, జూన్ ఆరంభంలో డోవర్ కోటకు వెళ్ళిపోయింది. అదే ఏడాది ఆగస్టు 4న ఈవ్‌షమ్ యుద్ధంలో భర్త చనిపోయాడు. ఆ ఏటి ఆమె ఇంటి ఖర్చుల పద్దు తోలు కాగితపు చుట్టలుగా ఇప్పటికీ భద్రంగా ఉంది. ఏ రోజు ఎంత ధాన్యం వాడారు, ఎంత ద్రాక్షసారాయం, ఎంత బీరు ఖర్చయింది, వంటింటికి ఏమేం వచ్చాయి, లాయంలో ఎన్ని గుర్రాలకు మేత వేశారు అన్నవి రోజువారీగా రాసిపెట్టిన పద్దు అది. దేశం రెండుగా చీలిపోతున్న రోజుల్లోనూ వంటింటి లెక్క ఆగలేదు. ఆ తరువాతి శతాబ్దంలో, 1346 నాటి నెవిల్స్ క్రాస్ యుద్ధంలో పట్టుబడిన స్కాట్లండు రాజు రెండవ డేవిడ్‌ను, 1357లో విడుదలయ్యే లోపు కొంతకాలం ఈ కోటలోనే బందీగా ఉంచారు. పదిహేడవ శతాబ్దం మొదలయ్యేసరికే ఇది శిథిలం.

దగ్గరికి వెళ్ళి గోడను పరిశీలించండి. పైన ఉండవలసిన చెక్కుడు రాళ్ళను ఎప్పుడో ఎవరో ఊడదీసుకుపోగా, సున్నంలో గుచ్చిన చెకుముకి రాళ్ళ లోపలి కూర్పే ఇప్పుడు బయటపడి ఉంది. అంతస్తుల దూలాలు ఆనించిన బొక్కలు గోడ పొడవునా వరుసగా కనిపిస్తాయి. తలెత్తి వాటిని చూసుకుంటే, రాజు భోజనం చేసిన గది నేల మన తలకు ఎంత ఎత్తున ఉండేదో తెలుస్తుంది. ప్రవేశ రుసుము లేదు. గోడలు ఎక్కవద్దు, పిల్లలను ఎక్కనివ్వవద్దు. అది ఎనిమిది వందల ఏళ్ళనాటి సున్నం.

కోట పక్కన కాలువ ఎలా వచ్చింది? రెండిటికీ సంబంధం ఉందా?

ఏ సంబంధమూ లేదు, రెండిటి మధ్య దాదాపు ఆరు వందల ఏళ్ళ ఎడం ఉంది. బేసింగ్‌స్టోక్ కాలువకు 1778లో పార్లమెంటు అనుమతి లభించింది. పదేళ్ళ తరువాత తవ్వకం మొదలై 1794లో కాలువ తెరుచుకుంది. వే నది నుంచి బేసింగ్‌స్టోక్ ఊరి దాకా 37 మైళ్ళ పొడవున, కలపనూ ధాన్యాన్నీ లండను వైపు పంపి, బొగ్గును తిరుగు పడవల్లో తెచ్చుకోవాలన్నది ఆలోచన. ఇంజనీరు విలియం జెసప్, గుత్తేదారు జాన్ పింకర్టన్. తవ్వేవారు నేల ఎత్తుపల్లాలను బట్టి ఒకే మట్టంలో వంపులు తిరుగుతూ వచ్చి, ఈ మలుపులో కోట బయటి మట్టికట్టల అంచును కోసేసి ముందుకు సాగారు. ఈ రోజుల్లో అయితే పురావస్తు శాఖ వారు గడ్డపార తగలనిచ్చేవారు కాదు.

గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారు లాకులు, అంటే పడవలను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి ఎక్కించి దించే తలుపుల కట్టడాలు, ఎక్కడ అని వెతుకుతారు. ఈ కాలువకు 29 లాకులు ఉన్నాయి గానీ అవన్నీ తూర్పు భాగంలోనే అయిపోయాయి. మనం నడిచే భాగం ఒక్క లాకూ లేకుండా మైళ్ళ తరబడి ఒకే మట్టంలో సాగుతుంది. మన కాలువల్లో గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు, ఇక్కడ ఆ పని గుర్రాలది. ఇప్పుడు మనం నడిచేది ఆ గుర్రాలు నడిచిన గట్టునే.

1840 నాటికి లండను నుంచి సౌతాంప్టన్ దాకా రైలు రావడంతో కాలువ బేరం పడిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో నాచు పట్టి, బురద పూడి, పడవలే తిరగకుండా పోయిన ఈ కాలువను బాగు చేయాలని 1966లో స్థానికులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1970లలో హాంప్‌షైర్, సర్రీ కౌంటీలు కాలువను కొనుగోలు చేశాయి. స్వచ్ఛందంగా వచ్చినవారు ఏళ్ళ తరబడి వారాంతాల్లో బురద ఎత్తి, ఇటుక పేర్చి, చివరికి 1991 మే 10న 32 మైళ్ళ మేర మళ్ళీ తెరిపించారు. పడమటి చివర మిగిలిన అయిదు మైళ్ళు మాత్రం తిరిగి రాలేదు. దానికి ఒక ముఖ్య కారణం మనం చీకటి పడ్డాక చేరబోయే సొరంగమే.

సొరంగంలోకి వెళ్ళవచ్చా?

వెళ్ళకూడదు. ముఖద్వారానికి కొంత దూరంలో గట్టు మీదే ఆగిపోతాం.

గ్రేవెల్ సొరంగం పొడవు 1,230 గజాలు, అంటే సుమారు 1,125 మీటర్లు. లోపల నడిచే గట్టు లేకపోవడంతో గుర్రాన్ని విప్పి కొండ మీదుగా అవతలి వైపుకు తోలుకుపోయేవారు, పడవవాళ్ళు వెల్లకిలా పడుకుని సొరంగం గోడలను కాళ్ళతో తన్నుకుంటూ పడవను చీకట్లో ముందుకు నెట్టేవారు. 1932లో సొరంగం లోపల కొంత భాగం కూలిపోయి దారి మూసుకుపోయింది. మనుషులకు పనికిరాకుండా పోయిన ఆ చోటును గబ్బిలాలు సొంతం చేసుకున్నాయి. సుద్ద నేలలోంచి ఊరే నీటి వల్ల ఏడాది పొడవునా చల్లగా, తడిగా, ఒకే ఉష్ణోగ్రతలో ఉండే చోటు కాబట్టి శీతనిద్రకు అది వాటికి సరిగ్గా సరిపోయింది. బ్రిటన్‌లో గబ్బిలాలు చలికాలం గడిపే అతి పెద్ద తావుల్లో ఇదొకటి, ముఖ్యంగా నాటరర్స్ అనే జాతికి. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం గబ్బిలాల నివాసాన్ని చెరిపినా, అక్కడ వాటికి ఇబ్బంది కలిగించినా నేరం.

సొరంగాన్ని బాగుచేసి పడవలను బేసింగ్‌స్టోక్ దాకా పంపాలన్న కోరిక కొందరిలో ఇంకా ఉంది. అది తీరకపోవడమే మేలన్నది మా అభిప్రాయం. ఆ కప్పు కూలి ఉండకపోతే లోపలి నుంచి వచ్చే ఊటనీరు పడవల తాకిడికి మురికిగా మారేది, గట్టు మీద మనం చూడబోయేదేదీ అక్కడ ఉండేది కాదు. సుద్ద ఊట వల్ల ఇక్కడి నీరు అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. అదే కాలువ సర్రీలోకి వెళ్ళేసరికి నేల మారి నీరు ఆమ్ల గుణానికి తిరుగుతుంది. ఒకే కాలువలో రెండు రకాల నీరు ఉండటం వల్ల నీటిమొక్కల వైవిధ్యంలో ఇంగ్లండు మొత్తం మీద దీనికి పెద్ద పేరు వచ్చింది. వెలుతురు ఉండగానే గట్టు అంచున వంగి నీటిలోకి చూడండి, ప్రవాహం వైపు తల వాల్చిన మొక్కల ఆకులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి.

చీకట్లో గబ్బిలాలు ఎలా కనిపిస్తాయి?

ముందుగా కనిపించేవి పిపిస్ట్రెల్ అనే చిన్న జాతి. సూర్యుడు అస్తమించిన ఇరవై నిమిషాలకే, ఆకాశంలో ఇంకా వెలుగు ఉండగానే, చెట్ల అంచుల వెంట మెలికలు తిరుగుతాయి. అసలు మనం ఎదురుచూసేది ఆ తరువాత, అరగంట నుంచి గంట లోపు కాలువ మీదికి వచ్చే డాబెంటన్స్ గబ్బిలాల కోసం. పది గ్రాముల అటుఇటు బరువుండే ఈ జీవి నీటికి జానెడు ఎత్తులో గీత గీసినట్టుగా ఎగురుతూ, నీటిపై వాలిన పురుగులను కాళ్ళతో ఎత్తుకుపోతుంది. కాలువ నీటిలో ఆకాశం వెలుగు ప్రతిఫలిస్తుంది కనుక, దాని మీద నల్లగా కదిలే నీడను పట్టుకోవడం కష్టం కాదు. తల పైకెత్తి వెతికేవారికి అది కనిపించదు, చూపు నీటి మీదే ఉంచాలి.

వాటి అరుపులు మన చెవికి అందవు. మనిషి వినగలిగేది 20 కిలోహెర్ట్‌జ్ దాకా, అదీ చిన్న వయసులో. ఇవి అంతకు రెట్టింపు పైన అరుస్తాయి. అందుకే ఆ శబ్దాన్ని మనకు వినిపించే స్థాయికి దించే చేతి యంత్రాలు రెండు తెస్తున్నాం. దాని చక్రాన్ని 45 దగ్గర పెడితే సాధారణ పిపిస్ట్రెల్, 55 దగ్గర దాని దగ్గరి బంధువైన మరో పిపిస్ట్రెల్ బాగా వినిపిస్తాయి. డాబెంటన్స్ శబ్దం మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టు ఎడతెరిపి లేకుండా ఉంటుంది. పురుగును అందుకునే క్షణంలో ఆ చిటపటలన్నీ కలిసిపోయి ఒక్క బుర్రుమనే చప్పుడవుతాయి. ఆ చప్పుడు విన్నారంటే, చీకట్లో ఒక పురుగు ఆయువు తీరిందన్నమాట.

టార్చిలైటు, మొబైలు లైటు వాడవచ్చా?

నడిచేటప్పుడు కాళ్ళ ముందు నేల మీదికి మాత్రమే వాడండి. నీటి మీదికి, చెట్లలోకి, సొరంగం వైపుకు వేయవద్దు. డాబెంటన్స్ గబ్బిలాలు వెలుతురును తప్పించుకుని పోతాయి. ఒక్కరు ఫొటో కోసం ఫ్లాష్ వేస్తే వెంట వచ్చిన మిగతావారందరికీ ఆ సాయంత్రం అక్కడితో ముగిసినట్టే. టార్చి అద్దానికి ఎర్రని పారదర్శక కాగితం చుట్టుకుని వస్తే మంచిది. మనిషి కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి ఇరవై నిమిషాలకు పైగానే పడుతుంది, మొబైలు తెర ఒక్కసారి చూస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

గబ్బిలాలు మీద పడతాయా? జబ్బులు వస్తాయా?

మీద పడవు, జుట్టులో చిక్కుకోవు. తల దగ్గరగా వచ్చినా అది మన తలపై తిరిగే దోమల కోసమే. అయితే బ్రిటన్‌లోని కొన్ని గబ్బిలాల్లో రేబిస్‌కు దగ్గరి వైరస్ ఉన్నట్టు గుర్తించారు కనుక, నేల మీద పడి ఉన్న గబ్బిలాన్ని వట్టి చేతులతో ఎవరూ ముట్టుకోకూడదు. మాకు చెబితే గబ్బిలాల సంరక్షణ సంస్థ వారి సహాయ కేంద్రానికి ఫోను చేస్తాం. ఒకవేళ కరిచినా గీరినా వెంటనే సబ్బు నీళ్ళతో కడిగి, ఆలస్యం లేకుండా వైద్య సలహా తీసుకోవాలి.

వ్యాన్‌ను కోట దాకా తీసుకువచ్చి, రాత్రికి అక్కడే పడుకోవచ్చా?

కుదరదు. కోట దగ్గరికి వాహనాల దారి లేదు, చుట్టుపక్కల సందులు ఇరుకు. పైగా ఇంగ్లండులో ప్రతి అడుగు నేలకూ ఎవరో ఒక యజమాని ఉంటారు, వారి అనుమతి లేకుండా వ్యాన్‌తో రాత్రి మకాం వేసే హక్కు ఎవరికీ లేదు. అందుకే మనం పొలం యజమానులు నడిపే చిన్న క్యాంపు స్థలాలను ఎంచుకున్నాం. క్యారవాన్ సంఘాల గుర్తింపు కింద నడిచే ఇటువంటి స్థలాల్లో ఒకేసారి అయిదు వాహనాలకు మించి నిలపకూడదు కనుక, బృందాన్ని రెండు చోట్లకు పంచవలసి వచ్చింది. మా బంధువుల వ్యాన్ పక్కనే మాకూ చోటు కావాలి అన్న కోరికను వీలైనంత వరకు తీరుస్తాం. వ్యాన్‌కూ వ్యాన్‌కూ మధ్య ఆరు మీటర్ల దూరం తప్పనిసరి, అది నిప్పు అంటుకుంటే పక్కదానికి పాకకుండా ఉండటానికి.

ఇండియా లైసెన్సుతో అద్దె వ్యాన్ నడపవచ్చా?

చూడటానికి వచ్చినవారు పన్నెండు నెలల దాకా తమ ఇండియా లైసెన్సుతో బ్రిటన్‌లో 3,500 కిలోల లోపు వాహనాలను నడపవచ్చు. ఇక్కడ స్థిరపడిన వారికైతే వచ్చిన రోజు నుంచి పన్నెండు నెలలే గడువు, ఆ తరువాత ఇక్కడి పరీక్ష పాసవ్వాలి. ఇండియా లైసెన్సును నేరుగా బ్రిటన్ లైసెన్సుగా మార్చుకునే వీలు లేదు. చట్టం ఒప్పుకున్నా అద్దె సంస్థ ఒప్పుకోకపోవచ్చు. వయసుకూ అనుభవానికీ సంబంధించి ఒక్కో సంస్థది ఒక్కో నియమం, డబ్బు కట్టే ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. బండి బరువు అంటే ఖాళీ బండి బరువు కాదు, మనుషులూ నీళ్ళూ బియ్యం మూటలతో కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు అని గుర్తుంచుకోండి.

కారు నడపడానికీ దీనికీ తేడా ఏమిటి?

ఎడమ వైపు నడపడం మనకు కొత్త కాదు. కొత్తది ఎత్తు. మీ వ్యాన్ ఎత్తును అడుగుల్లోనూ మీటర్లలోనూ ఒక చీటీ మీద రాసి స్టీరింగు ఎదురుగా అంటించుకోండి. పార్కింగు చోట్ల ముందు అడ్డంగా కట్టే ఇనుప కడ్డీలు చాలావరకు రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటాయి, పైకప్పు ఎత్తైన వ్యాన్లు అంతకు మించుతాయి. ఖాళీ బరువు 3.05 టన్నులు దాటిన బండికి ఒంటి రోడ్డు మీద గంటకు 50 మైళ్ళు, మధ్యలో విభాగిని ఉన్న రోడ్డు మీద 60 మైళ్ళు గరిష్ఠ వేగం. అంతకు తక్కువ బరువున్న వాటికి కార్ల పరిమితులే. లండను నుంచి వచ్చేవారు తమ బండి కాలుష్య ప్రమాణాలకు సరిపోతుందో లేదో చూసుకోవాలి, సరిపోకపోతే రోజువారీ రుసుము కట్టాలి. నార్త్ వార్న్‌బరోలో పడవ వచ్చినప్పుడు రోడ్డునే పైకెత్తే వంతెన ఒకటి ఉంది, అటుగా వెళితే ఓపికగా ఆగండి. బండి కదులుతుండగా వెనక పరుపు మీద ఎవరూ పడుకోకూడదు. బెల్టు ఉన్న సీట్లు ఎన్నో, మనుషులు అందరే.

వ్యాన్‌లో వంట చేసుకోవచ్చా? తాలింపు వేయవచ్చా?

ఈ ప్రశ్నకు సూటిగానే చెబుతాం: తాలింపు బయట వేయండి. ఎండుమిర్చి, ఇంగువ నూనెలో పడ్డ మరుక్షణం వ్యాన్‌లోని పొగ హెచ్చరిక మోగుతుంది. ఆ వాసన సీటు గుడ్డల్లో పట్టుకుంటే అద్దెకిచ్చినవారు శుభ్రం చేసే ఖర్చు మీ జామీను సొమ్ములోంచి పట్టుకుంటారు. పోపు ఇంటి దగ్గరే పెట్టి డబ్బాలో తెచ్చుకుంటే పులిహోర, దద్దోజనం ఎక్కడైనా కలుపుకోవచ్చు. శనివారం సాయంత్రం కోట దగ్గరికి అవి రెండూ, అరటిపళ్ళు, ఫ్లాస్కులో టీ చాలు. అక్కడ పొయ్యి, బొగ్గుల కుంపటి వెలిగించకూడదు. మిగిలిన అన్నాన్ని బాతులకు వేయవద్దు, పళ్ళెంలోంచి ఒలికిన మెతుకులు కూడా ఏరుకుని తిరిగి తెచ్చుకోవాలి.

క్యాంపు స్థలంలో కరెంటు కనెక్షన్ 10 లేదా 16 ఆంపియర్లది. 10 ఆంపియర్లంటే ఒకేసారి 2,300 వాట్లకు మించి లాగలేరు. ఇంట్లో వాడే 3,000 వాట్ల కెటిల్ పెడితే ఫ్యూజు పడిపోతుంది, రాత్రి పదకొండుకు పొలం యజమానిని నిద్రలేపవలసి వస్తుంది. చిన్న రైస్ కుక్కరుకు ఇబ్బంది లేదు. కుక్కరూ హీటరూ కెటిలూ మూడూ ఒకేసారి పెట్టకండి. చలిగా ఉందని వంట గ్యాసు పొయ్యిని వెలిగించి దగ్గర కూర్చోవడం ప్రాణాపాయం. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు తలుపులు మూసిన వ్యాన్‌లో నిద్రలోనే మనిషిని తీసుకుపోగలదు. ఆ వాయువును గుర్తించి మోగే యంత్రం మీ వ్యాన్‌లో పనిచేస్తోందో లేదో బండి తీసుకునేటప్పుడే మీట నొక్కి చూడండి.

మరుగుదొడ్డి సంగతి?

గట్టు మీద ఎక్కడా లేదు, బయలుదేరే ముందే వెళ్ళి రండి. వ్యాన్‌లోని మలం డబ్బాను క్యాంపు స్థలంలో దానికంటూ కేటాయించిన చోటే ఖాళీ చేయాలి. ఎవరికి వారు తమ డబ్బా తామే ఖాళీ చేసుకోవాలి, పక్క వ్యాన్ కుర్రవాడికి పురమాయించడం కుదరదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, చిన్నపిల్లలు రాగలరా?

గట్టు చదునుగానే ఉంటుంది గానీ ఇరుకు. చెట్ల వేళ్ళు పైకి తేలి, వాన పడితే బురదగా మారుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు కోల్ట్ హిల్ నుంచి కాకుండా నార్త్ వార్న్‌బరో నుంచి నడక మొదలుపెడితే కోట దాకా దూరం బాగా తగ్గిపోతుంది. వారిని అక్కడ దింపడానికి ఒక కారు ఏర్పాటు చేశాం. చక్రాల కుర్చీకి ఈ దారి అనుకూలం కాదని చెప్పవలసి రావడం మాకూ కష్టంగానే ఉంది. ఆగస్టు అయినా సాయంత్రం ఏడు దాటితే నీటి పక్క చలి వేస్తుంది, పెద్దవారికి శాలువా, మేజోళ్ళు మరచిపోవద్దు. పొడవు గడ్డిలో కూర్చుంటే గోమార్ల వంటి రక్తం పీల్చే పురుగులు పట్టుకోవచ్చు. వాటి వల్ల లైమ్ అనే జబ్బు సోకే అవకాశం ఉంది కనుక చీర కింద లెగ్గింగ్స్, పిల్లలకు పొడవు పాంట్లు వేసి, తిరిగి వచ్చాక మోకాళ్ళ వెనుక, చంకల్లో చూసుకోండి. అయిదేళ్ళ లోపు పిల్లల చేయి గట్టు మీద నడిచినంతసేపూ ఒక పెద్దవారి చేతిలో ఉండాలి, కాలువకు కంచె లేదు.

నీళ్ళలో దిగవచ్చా? పడవ ఎక్కవచ్చా?

దిగవద్దు. నీరు ఎంత తేటగా కనిపించినా ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ప్రమాదం ఏ కాలువలోనైనా ఉంటుంది. సొంత కయాక్ తెచ్చుకునేవారు కాలువ నిర్వాహకుల అనుమతి ముందే తీసుకోవాలి. విహార పడవ మీద వెళ్ళాలనుకునేవారికి కోల్ట్ హిల్ రేవు నుంచి కాలువ సంఘం స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే పడవ ఉంది. కాలువ తవ్వించిన గుత్తేదారు జాన్ పింకర్టన్ పేరే దానికి పెట్టారు. అది పగటిపూట సంగతి, మన సాయంకాలంలో భాగం కాదు.

వాన పడితే?

చినుకులకు ఆగం, గొడుగులతోనే వెళతాం. గట్టి వాన, గాలి ఉంటే పురుగులు ఎగరవు, గబ్బిలాలూ బయటికి రావు. అప్పుడు కార్యక్రమం ఆదివారం సాయంత్రానికి మారుతుంది. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మార్పు ఉన్నా లేకపోయినా అందరికీ సందేశం పంపుతాం.

సోమవారం తిరుగు ప్రయాణంలో దగ్గరలో చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా?

తూర్పు వైపు వెళ్ళేవారికి సర్రీలోని డోర్కింగ్ పట్టణం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పదవీ విరమణ తరువాత అక్కడే ఉండి, 1899 జూలైలో అక్కడే కన్నుమూశాడు. ఆయన సమాధి పట్టణ శ్మశానంలో ఉంది. బ్రిటన్‌లోని తెలుగువారు ఎందరో వెళ్ళి పూలు పెట్టి వస్తుంటారు. ఓడిహామ్ నుంచి సుమారు గంట ప్రయాణం. శ్మశానం దగ్గరి వీధులు క్యాంపర్‌వ్యాన్లకు అంత అనువుగా ఉండవు కనుక వ్యాన్లను పట్టణంలో తగిన పార్కింగులో నిలిపి నడిచి వెళదాం. రావాలనుకునే కుటుంబాలు ఆదివారం రాత్రి భోజనాల లోపు పేర్లు ఇస్తే, ఎన్ని వ్యాన్లకు చోటు వెతకాలో మాకు తెలుస్తుంది.